ట్రిగ్లావ్ ఎక్కాలంటే ముందు దిగడం నేర్చుకోండి

ఒంగోలులో ఉంటున్నామనీ, ఇంతవరకు పెద్ద కొండ ఏదీ ఎక్కలేదనీ, గైడ్ తోడుంటే స్లొవేనియాలోని ట్రిగ్లావ్ శిఖరాన్ని మీరూ, పన్నెండేళ్ల మీ అమ్మాయీ ఎక్కగలరా అనీ, చేతుల బలానికి ఏ వ్యాయామం చేయాలనీ మీరు అడిగారు. తప్పక ఎక్కగలరు. అయితే చేతుల సంగతి పక్కన పెట్టి, రేపటి నుంచే మెట్లు దిగడం సాధన చేయండి. కావలిలో భౌతికశాస్త్రం బోధించే నేను, మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడితో కలిసి ఆ శిఖరానికి వెళ్లి వచ్చాక ఏర్పడిన అభిప్రాయమిది. దీన్ని మార్చుకోవలసిన కారణం నాకు ఇంతవరకు కనిపించలేదు.

ట్రిగ్లావ్ ఎత్తు 2,864 మీటర్లు. మేము పోక్ల్యుకా పీఠభూమి మీది రుడ్నో పోల్యే నుంచి బయలుదేరి, ఒక రాత్రి వోద్నికోవ్ దోమ్ అనే వసతిగృహంలో, మరుసటి రాత్రి 2,515 మీటర్ల ఎత్తున ఉన్న క్రెడారిత్సా వసతిగృహంలో గడిపాము. అంతవరకు అది ఓపికతో నడవవలసిన కాలిబాటే. వియా ఫెర్రాటా, అంటే సున్నపురాతిలో ఇనుప మేకులు దిగగొట్టి, ఉక్కు తీగలు బిగించిన దారి, ఆ పైన మొదలవుతుంది.

క్రెడారిత్సాకు మేము మధ్యాహ్నానికే చేరుకున్నాము. ఆకాశం నిర్మలంగా ఉంది, శిఖరం గంటన్నర దూరంలో కనిపిస్తోంది, తమ్ముడు తొందరపడుతున్నాడు. మా గైడ్ మాత్రం ససేమిరా అన్నాడు. వేసవిలో ఆల్ప్స్ మీద ఎండకు వేడెక్కిన గాలి పైకి లేచి, మధ్యాహ్నం దాటేసరికి ఉరుముల మేఘాలు కమ్ముకోవడం మామూలే. అటువంటి వేళ ఉక్కు తీగకు కట్టుకుని ఉండడమంటే పిడుగుకు ఎదురువెళ్లడమే. శిఖరం మీద 1895లో యాకోబ్ అల్యాజ్ అనే మతగురువు నెలకొల్పిన చిన్న లోహపు గోపురం ఉంది. వాన వస్తే అందులో దూరవచ్చునని అనిపిస్తుంది కానీ, పిడుగులు పడే వేళ దాని దరిదాపులలో ఉండకూడదు. ఆ సాయంత్రం వసతిగృహం కిటికీలు అదిరేటట్లు ఉరిమింది. తెల్లటి చుక్క చుట్టూ ఎర్రటి వలయం గీసిన గుర్తులను చూసుకుంటూ దారి ఎవరైనా కనుక్కోగలరు. ఎప్పుడు వెళ్లకూడదో చెప్పగలిగినవారికే మనం డబ్బు చెల్లిస్తున్నామని నా నమ్మకం.

మర్నాడు తెల్లవారుజామున బయలుదేరి, చిన్న ట్రిగ్లావ్ అనే ఉపశిఖరం మీదుగా, రెండు పక్కలా లోయ ఉన్న సన్నని రాతి గట్టు దాటి శిఖరం చేరాము. మొదటిసారి వచ్చినవారిని తాడుతో వెనుక నుంచి కొట్టడం అక్కడి ఆనవాయితీ. మాకూ ఆ మర్యాద జరిగింది. ఎక్కుతున్నప్పుడు కళ్లు ఎదుటి రాయినీ, పై మేకునూ చూస్తాయి కనుక భయం తెలియదు. దిగేటప్పుడు చిన్న ట్రిగ్లావ్ కింద ఒక నిట్టనిలువు చోట, రాతికి ముఖం పెట్టి, కనిపించని మేకు కోసం పాదంతో తడుముకోవలసి వచ్చింది. తీగను గట్టిగా పట్టుకున్న కొద్దీ ముంజేతులు బిగుసుకుపోయి, మోకాళ్లు వణకసాగాయి. "అక్కా, ఎడమ కాలు ఇంకో జానెడు కిందికి" అని తమ్ముడు కింద నుంచి చెబుతూనే ఉన్నాడు. అదే సమయంలో పైకి వస్తున్న ఒక బృందం దారి ఇమ్మని తొందరపెట్టగా, గైడ్ వారిని ఆపి, నా మడమ పట్టి మేకు మీద ఆనించి, బరువంతా కాళ్ల మీదికి మార్చమన్నాడు. మార్చగానే చేతులు తేలికపడ్డాయి. మీకు చేతుల వ్యాయామం వద్దని నేను అంత గట్టిగా చెప్పడానికి కారణం ఆ క్షణమే.

ఇక తప్పనిసరిగా అలవరచుకోవలసినది కొక్కేల క్రమం. నడుముకు కట్టిన పట్టీ నుంచి రెండు కొక్కేలు వస్తాయి; తీగను రాతికి బిగించిన ప్రతి చోటా ఒకదాన్ని దాటించి తగిలించాకే రెండవదాన్ని తీయాలి. ఉలవపాడు తాటితోపులలో కల్లుగీసేవారు మోకును ఎంత శ్రద్ధగా చూసుకుంటారో అంత శ్రద్ధ ఇక్కడ కావాలి. జారిపడినవారు కింది బిగింపు దాకా తీగ వెంట జారి అక్కడ ఒక్కసారిగా ఆగుతారు కనుక, మామూలు తాడైతే ఆ కుదుపుకు తెగిపోవచ్చు, లేదా నడుము విరగవచ్చు. అందుకే కొక్కేల పట్టీలో కుట్లు ఒక్కొక్కటిగా తెగుతూ వేగాన్ని మింగే భాగం ఒకటి ఉంటుంది. కొక్కేలు తగిలించకుండా ఈ దారులలో పరుగెత్తే వీడియోలను పెట్టేవారి మీద, వాటిని మెచ్చుకునేవారి మీద నాకు చాలా కోపం.

దీనిని మామూలు ట్రెక్కింగ్ అని చెప్పి అమ్మే ఏజెంట్లను కూడా నమ్మకండి. మాకు అటువంటివారే ఒకరు ఏ బూట్లైనా సరిపోతాయని చెప్పారు. స్లొవేనియా వెళ్లడానికి తీసుకోవలసిన షెంగెన్ వీసాకు 30,000 యూరోల బీమా తప్పనిసరి కదా అని నిశ్చింతగా ఉండకుండా, పర్వతారోహణకూ, హెలికాప్టర్ రక్షణకూ ఆ పాలసీ వర్తిస్తుందో లేదో చదివి చూడండి; చాలా పాలసీలలో వర్తించదు.

చదునైన ప్రాంతం వారమన్న సంకోచం మీకు అక్కరలేదు. మన సంగం మండలం గాంధీ జనసంఘంలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజులలో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను ఎక్కారు. సాధనకు ఉదయగిరి దుర్గం చాలు. వీపున బరువు పెట్టుకుని ఎక్కండి; దిగేటప్పుడు తొందరపడక, ప్రతి అడుగూ చూసి వేయండి. కొండ గుళ్లకు ఘాట్ రోడ్లు వచ్చాక మెట్ల దారులను పట్టించుకునేవారు తగ్గిపోయారు, అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

మీ అమ్మాయి విషయంలో మాత్రం ముందుగానే ఒక మాట తేల్చుకోవాలి. కుదుపును మింగే ఆ పట్టీలను 2017 ఐరోపా ప్రమాణం ప్రకారం 40 నుంచి 120 కిలోల బరువున్నవారికే తయారుచేస్తారు. తేలికైన పిల్లల విషయంలో కుట్లు సరిగ్గా తెగవు కనుక గైడ్ వారిని విడిగా తన తాడుతో కట్టుకుని తీసుకువెళ్లాలి. పాప బరువు చెప్పి, అలా తీసుకువెళతారా అని అడిగి, సమాధానం రాతపూర్వకంగా వచ్చాకే టికెట్లు కొనండి.