మీరడిగారు: గిటార్‌లోకి దయ్యం ఎక్కడినుంచి వచ్చింది?

పోయిన సంచికలో ఒకాయన 'హెవీ మెటల్ (గిటార్లు హోరెత్తే బరువైన రాక్ సంగీతం) వాయించేవాళ్ళంతా సైతాను భక్తులేనా?' అని అడిగితే 'దాదాపు ఎవరూ కారు' అని రెండు ముక్కల్లో తేల్చేశాను. దానికి వచ్చినన్ని తిట్లు, ఎదురు ప్రశ్నలు ఈ శీర్షికకు ఈ మధ్య ఎప్పుడూ రాలేదు. సరే, ఈసారి పేజీ మొత్తం దానికే.

ప్రశ్న: 'దాదాపు ఎవరూ కారు' అని అంత ధీమాగా ఎలా అంటారండీ? మా అబ్బాయి గది గోడల నిండా మేక తలలు, తలకిందుల శిలువలు. వాడికి ఇష్టమైన బ్యాండ్ పేరే బ్లాక్ సబాత్. ఇంకేం కావాలి? నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ బ్యాండ్‌తోనే మొదలుపెడదాం, గుట్టంతా అక్కడే ఉంది. 1968లో బర్మింగ్‌హామ్‌లో కార్మిక కుటుంబాల కుర్రాళ్ళు నలుగురు కలిసి పెట్టుకున్న బ్యాండ్ అది, కొన్నాళ్ళు ఎర్త్ అనే పేరుతో బ్లూస్ వాయించుకున్నారు. అదే పేరుతో ఇంకో బ్యాండ్ ఉందని తెలిసి మార్చుకోవాల్సి వచ్చింది. ప్రాక్టీస్ చేసే చోటికి ఎదురుగా ఉన్న సినిమా హాల్లో బోరిస్ కార్లాఫ్ నటించిన 1963 నాటి దయ్యాల సినిమా ఆడుతోంది, పేరు బ్లాక్ సబాత్. డబ్బులిచ్చి మరీ భయపడటానికి జనం ఇలా లైన్లో నిలబడుతుంటే మనం భయపెట్టే పాటలు ఎందుకు చేయకూడదు అనుకున్నారు. పేరు టికెట్ కౌంటర్ దగ్గర పుట్టిందన్నమాట.

అలాగని గూఢవిద్యలతో వాళ్ళకు ఏ సంబంధమూ లేదనను. బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించి పాటలు రాసే గీజర్ బట్లర్‌కి ఆ పుస్తకాల పిచ్చి ఉండేది, ఇంటి గోడలకు నల్ల రంగు కూడా వేసుకున్నాడు. ఒక రాత్రి మంచం కాళ్ళవైపు నల్లటి ఆకారం నిలబడి కనిపించిందని ఆయనే చాలాసార్లు చెప్పాడు. ఆ దెబ్బకు ఆ పిచ్చి వదిలింది, మొదటి ఆల్బమ్‌లో బ్యాండ్ పేరుతోనే ఉన్న పాట మాత్రం మిగిలింది. ఆ పాట శ్రద్ధగా వినండి, అందులో ఉన్నది పూజ చేస్తున్నవాడి గొంతు అనిపించదు, చెమటలు పట్టి దేవుడా కాపాడు అని అరుస్తున్నవాడి గొంతు. ఇక ఆ తలకిందుల శిలువ ఉంది చూశారూ, 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం నాడు విడుదలైన ఆ ఆల్బమ్ కవర్ లోపల దాన్ని రికార్డు కంపెనీ పెట్టింది, వీళ్ళను అడగలేదు కూడా. అది చూసి అసలు సిసలు మంత్రగాళ్ళమని చెప్పుకునేవాళ్ళు వెంటపడటం మొదలుపెడితే, గాయకుడు ఓజీ ఆజ్‌బోర్న్ వాళ్ళ నాన్న నలుగురికీ అల్యూమినియం శిలువలు చేసిచ్చాడు, ఫొటోల్లో వాళ్ళ మెడల్లో వేలాడేవి అవే, అదీ నిటారుగానే. 1971లో వచ్చిన మూడో ఆల్బమ్‌లో అయితే క్యాథలిక్ ఇంట్లో పెరిగిన బట్లర్ ఏకంగా దేవుణ్ణి వెనకేసుకొస్తూ ఒక పాట రాశాడు. చర్చి పాఠంలా ఉంటుంది, నాకంత నచ్చదు, అది వేరే విషయం.

మేక తల సంగతి. ఎలిఫస్ లెవీ అనే ఫ్రెంచి మార్మికుడు 1850ల్లో కొమ్ముల మధ్య దివిటీతో బాఫొమెట్ అనే బొమ్మ గీశాడు, ఆయన దృష్టిలో అది ఆడా మగా, పైనా కిందా లాంటి ఎదురెదురు శక్తుల సమతూకానికి గుర్తు. 1966లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆంటన్ లావే పెట్టిన సైతాను చర్చి, నక్షత్రంలో మేక తలను తన ముద్రగా వాడుకుంది (వాళ్ళు దేవుణ్ణే కాదు, సైతాను అనేవాడు నిజంగా ఉన్నాడని కూడా నమ్మరు, ఇది చాలామందికి తెలియదు). 1981లో న్యూకాసిల్ బ్యాండ్ వెనమ్ ఆ మేక తలను మొదటి ఆల్బమ్ అట్ట మీద వేసింది. అక్కణ్ణుంచి టీషర్టుల మీదికి, మీ అబ్బాయి గోడ మీదికి.

ప్రశ్న: క్రౌలీ అనే పేరు ఎక్కడ చూసినా తగులుతోంది. ఎవరీయన? రాక్ వాళ్ళకు ఇంత మోజేంటి?

జవాబు: ముందు పేరు సరిచేద్దాం. క్రౌలీ కాదు, క్రోలీ. 1980లో ఓజీ తన సోలో ఆల్బమ్‌లో ఆయన మీద పాట పాడుతూ క్రౌలీ అన్నాడు, అప్పట్నుంచి ప్రపంచమంతా అదే అంటోంది.

అలిస్టర్ క్రోలీ 1875లో ఇంగ్లండ్‌లో మహా కఠినమైన క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. అల్లరి చేస్తే కన్నతల్లే బైబిల్ చివర్లో వచ్చే మృగం పేరుతో పిలిచేదట, ఈయన పెద్దయ్యాక దాన్నే బిరుదుగా పెట్టుకున్నాడు. 1898లో గోల్డెన్ డాన్ అనే రహస్య సంఘంలో చేరాడు, 1904లో కైరోలో ఒక అదృశ్య గొంతు చెబుతుంటే రాసుకున్నానంటూ ఓ పుస్తకం తెచ్చాడు. అందులోని ముఖ్య సూత్రం, నీ సంకల్పం ఏదో అదే చెయ్యి, అదే ధర్మం అని. నీ అసలు సంకల్పమేంటో కనుక్కోవడానికే జీవితమంతా సాధన చేయాలని ఆయన ఉద్దేశం. అరవైల కుర్రకారు దాన్ని 'నీ ఇష్టమొచ్చినట్టు చెయ్యి' అని చదువుకున్నారు. డ్రగ్స్, విచ్చలవిడి జీవితం, పత్రికల్లో తిట్లు, అన్నీ ఈయనకు ముందే ఉన్నాయి కాబట్టి 1947లో చనిపోయిన మనిషి ఇరవై ఏళ్ళ తర్వాత రాక్ స్టార్ అయిపోయాడు. 1967లో బీటిల్స్ ఆల్బమ్ కవర్ మీద గుంపు ఫొటోలో పై వరసలో రెండోవాడు ఈయనే. పక్కన మొదటివారు ఎవరో తెలుసా? పరమహంస యోగానంద గురువు శ్రీ యుక్తేశ్వర్ గిరి. ఆ రోజుల్లో వాళ్ళకు తూర్పు యోగులూ పడమటి మంత్రగాళ్ళూ అంతా ఒకే అల్మరాలోని పుస్తకాలు.

నిజంగా లోతుకు దిగినవాడు ఒకడున్నాడు, లెడ్ జెప్పెలిన్ గిటారిస్టు జిమ్మీ పేజ్. స్కాట్లండ్‌లో లాక్ నెస్ ఒడ్డున క్రోలీ ఒకప్పుడు ఉన్న బోలెస్కిన్ ఇల్లు కొన్నాడు, 1992లో అమ్మేశాడు, మధ్యలో అక్కడ ఉన్నది మాత్రం బహు తక్కువ. లండన్‌లో ఇలాంటి పుస్తకాలకని ఈక్వినాక్స్ అనే దుకాణం నడిపాడు. 1970లో వచ్చిన మూడో ఆల్బమ్ రికార్డు మీద, పాట అయిపోయాక ముల్లు తిరిగే ఖాళీ చోట, క్రోలీ సూత్రాన్ని చెక్కించాడు. కళ్ళు చికిలించి వెతికితే తప్ప కనపడదు. అసలు నమ్మకం ఉన్నవాళ్ళు ఇలాగే గుట్టుగా ఉంటారని నాకనిపిస్తుంది. గాయకుడు డేవిడ్ బౌయీ కూడా అంతే, 1976 ఆల్బమ్‌లో కబాలా అనే యూదుల మార్మిక విద్యలోని పేర్లు పాట మధ్యలో దూర్చి ఊరుకున్నాడు, మేక తలలేమీ పెట్టలేదు.

ప్రశ్న: గిటార్ నేర్చుకుంటున్నాను. ట్రైటోన్ అనే స్వరాల జంటను మధ్యయుగాల్లో చర్చి నిషేధించిందని, వాయిస్తే శిక్షించేవారని యూట్యూబ్‌లో విన్నాను. నిజమేనా?

జవాబు: కట్టుకథ. అలాంటి నిషేధానికి ఆధారం లేదు. పాడటానికి కష్టం, చెవికి ఇబ్బంది, అందుకని తప్పించుకునేవారు. 'సంగీతంలో సైతాను' అనే ముద్దుపేరు కూడా 18వ శతాబ్దపు పుస్తకాల్లోనే కనిపిస్తుంది. ఆ దూరం మీకు తెలిసిందే, షడ్జమం నుంచి ప్రతిమధ్యమం. కల్యాణి పాడేవాళ్ళెవరూ దానికి జడుసుకోలేదు.

బ్లాక్ సబాత్ తొలి పాటలో ఉన్నది అదే: కింది స, పై స, తర్వాత ప్రతిమధ్యమం, అదీ నత్తనడకన. బట్లర్ వాయిస్తూ ఉండే గుస్తావ్ హోల్స్ట్ ఆర్కెస్ట్రా రచన, అంగారకుడి మీదది, దానికి ప్రేరణ. ఇంకో సంగతి, ఆ బ్యాండ్ గిటారిస్టు టోనీ అయోమీ 17 ఏళ్ళప్పుడు రేకుల ఫ్యాక్టరీలో మెషీన్ కింద పడి కుడిచేతి రెండు వేళ్ళ చివర్లు పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, సన్న తీగలు వేశాడు, తర్వాత నొప్పి తగ్గాలని తీగలు వదులు చేసి శ్రుతి దించాడు. మెటల్‌కి ఆ బరువు అక్కణ్ణుంచే వచ్చింది. సైతాను కన్నా ఆ ఫ్యాక్టరీ మెషీన్ ఈ సంగీతానికి ఎక్కువ చేసిందంటాను.

ప్రశ్న: రెండు వేళ్ళు కొమ్ముల్లా పెట్టి చూపిస్తారే, అది సైతానుకు దండమా?

జవాబు: దిష్టి తీయడం. గాయకుడు రానీ జేమ్స్ డియో తన ఇటాలియన్ అమ్మమ్మ చెడు చూపు తగలకుండా అలా పెట్టేదని చెప్పేవాడు, 1979లో సబాత్‌లో చేరాక స్టేజీ మీద వాడాడు. ఆయనకంటే ముందే, 1969లో, అమెరికా బ్యాండ్ కోవెన్ వాళ్ళ ఫొటోల్లో ఉంది. వాళ్ళ ఆల్బమ్ మొదటి పాట పేరు కూడా బ్లాక్ సబాతే, బేస్ వాయించేవాడి పేరు ఆజ్ ఆజ్‌బోర్న్. యాదృచ్ఛికమే, కానీ నమ్మబుద్ధి కాదు కదూ.

ప్రశ్న: రికార్డు వెనక్కి తిప్పితే రహస్య సందేశాలు వినిపిస్తాయంటారు?

జవాబు: ఏ భాషలో ఏ పాటనైనా వెనక్కి తిప్పండి, ఏం వినపడుతుందో ఎవరైనా ముందే చెబితే అదే వినపడుతుంది. 1990లో అమెరికాలోని రీనో కోర్టులో జూడాస్ ప్రీస్ట్ బ్యాండ్ మీద విచారణ జరిగింది. ఇద్దరు యువకుల ఆత్మహత్యాయత్నానికి పాటలో దాచిన మాటలే కారణమని కుటుంబాల వాదన. వాళ్ళ దుఃఖం నిజం. ఆరోపణ మాత్రం నిలబడలేదు, జడ్జి కేసు కొట్టేశారు. అంతకు ఐదేళ్ళ ముందు అమెరికాలో రాజకీయ నాయకుల భార్యలు కలిసి అభ్యంతరకరమైన 15 పాటల జాబితా వేస్తే, అందులో గూఢవిద్య పేరుతో చేరినవి రెండే, వెనమ్‌ది ఒకటి, మెర్సీఫుల్ ఫేట్‌ది ఒకటి. మిగతావన్నీ సెక్స్, హింస, మద్యం లాంటివి.

ప్రశ్న: మీరంతా నవ్వులాటగా రాస్తున్నారు. నార్వేలో చర్చిలు తగలబెట్టింది మెటల్ వాళ్ళు కాదా?

జవాబు: వాళ్ళే. ఇక్కడ నవ్వడానికేమీ లేదు. 1992 జూన్ 6న బెర్గెన్ దగ్గర ఫాంటాఫ్ట్ చెక్క చర్చి బూడిదైంది, మరికొన్ని చోట్లా మంటలు. 1993 ఆగస్టులో మేహెమ్ బ్యాండ్ గిటారిస్టు యూరోనిమస్‌ను ఓస్లోలో బర్జమ్ బ్యాండ్ నడిపే వర్గ్ వికెర్నెస్ పొడిచి చంపాడు, ఆ హత్యకూ కొన్ని చర్చిల దహనాలకూ కలిపి 21 ఏళ్ళ శిక్ష పడింది. ఇది నా 'దాదాపు' అనే మాటలో దాక్కున్న భాగం, పోయినసారే విప్పి చెప్పాల్సింది, తప్పు నాదే. అయితే వీళ్ళు క్రోలీ పుస్తకాలు చదివి తయారైనవాళ్ళు కారు. వెనమ్ వాళ్ళు సరదాకి వేసిన వేషాన్ని ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు నిజమనుకున్నారు, నాకంటే నువ్వు ఎక్కువ చెడ్డవాడివా అని ఒకరితో ఒకరు పోటీ పడ్డారు.

మొదటి ప్రశ్న అడిగిన నాన్నగారికి ఒక్క మాట. మీ అబ్బాయి గదిలోకి వెళ్ళి సబాత్ మొదటి ఆల్బమ్ పెట్టమనండి. వాన చప్పుడు, దూరంగా గంట, తర్వాత ఆ మూడు స్వరాలు. లైటు ఆర్పి వింటే ఇంకా బాగుంటుంది.