డౌట్ల గ్రూప్‌లో మా అమ్మాయి ఒక్క ముక్క రాయదు

ప్రశ్న: మాది అంబాజీపేటండి, కొబ్బరి వ్యాపారం. మా అమ్మాయి కాకినాడలో బీటెక్ ట్రిపుల్‌ఈ (ఎలక్ట్రికల్ బ్రాంచి) రెండో ఏడు. సబ్జెక్టుకో వాట్సాప్ గ్రూప్ ఉందట. సెలవులకు ఇంటికొచ్చినా ఫోన్ వదలదు. అదేమంటే "క్లాస్ గ్రూప్ నాన్నా" అంటుంది. తీరా చూస్తే అందులో తను రాసిన మెసేజీ ఒక్కటీ లేదు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఫోన్ తీసేసుకోమంటారా?

జవాబు: వద్దండి. ల్యాబ్ బ్యాచ్ మారినా, మిడ్ పరీక్ష తేదీ మారినా ఇప్పుడు నోటీసు బోర్డు కంటే ముందు సీఆర్ (క్లాసు ప్రతినిధి) గ్రూప్‌లోనే పడుతోంది. ఫోన్ లాక్కుంటే నష్టపోయేది అమ్మాయే.

నన్ను ఆలోచింపజేసింది తను ఏమీ రాయలేదన్న మాట. తప్పు ఇంగ్లిష్ రాస్తే ఎవరో స్క్రీన్‌షాట్ తీసి వేరే గ్రూప్‌లో నవ్వుకుంటారని పిల్లలకు భయం. అది ఉత్తుత్తి భయమేం కాదు. ఆడపిల్లలకైతే ఇంకోటి ఉంది: వాట్సాప్ గ్రూప్‌లో నంబరు అందరికీ కనిపిస్తుంది, నలుగురి కళ్లలో పడితే విడిగా మెసేజీలు మొదలవుతాయి.

అందుకే ముందు ముగ్గురు నలుగురు స్నేహితురాళ్లతో చిన్న గ్రూప్ పెట్టుకోమనండి. అడిగే తీరు అక్కడ అలవాటు కావాలి. "థెవెనిన్ సిద్ధాంతం అర్థం కాలేదు సార్" అంటే ఏ మాస్టారైనా యూట్యూబ్ లింకు పంపి ఊరుకుంటారు. అదే, తను చేసిన సర్క్యూట్ లెక్క ఫొటో తీసి, ఆగిపోయిన స్టెప్ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "రెసిస్టెన్స్ కోసం వోల్టేజ్ సోర్సును షార్ట్ చేశాను, కరెంట్ సోర్సును ఓపెన్ చేశాను, డిపెండెంట్ సోర్సును కూడా తీసేశాను, ఆన్సర్ కలవట్లేదు" అని రాస్తే? సర్క్యూట్లో ఇంకోచోటి వోల్టేజీ, కరెంటు మీద ఆధారపడే డిపెండెంట్ సోర్సును అలా తీసేయకూడదని తోటి పిల్లలే చెప్పేస్తారు, సార్ దాకా వెళ్లక్కర్లేదు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసినా పర్లేదు, సగం క్లాసు రాసేది అదే.

రేపు ఉద్యోగంలోనూ ఇదే పని. ఆఫీసు మెసేజీల యాప్‌లైన టీమ్స్‌లోనో స్లాక్‌లోనో ఏం చేశాను, ఎక్కడ ఆగాను, ఏం కావాలి అని పై అధికారికి నాలుగు ముక్కల్లో రాయాలి. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగినప్పుడు తడబడేది చాలావరకు ఈ అలవాటు లేనివాళ్లే.

వచ్చిన జవాబును అదే రోజు నోట్సులోకి ఎక్కించాలి. లేకపోతే మిడ్ నాటికి గుడ్ మార్నింగ్ ఫొటోల మధ్య దాన్ని వెతకడం పీచు గుట్టలో ఉంగరాన్ని వెతకడమే, మీకు చెప్పేదేముంది.

సార్ ఒప్పుకుంటే డౌట్ల గ్రూప్‌ను టెలిగ్రామ్‌కు మార్చుకోవచ్చు. అందులో సెట్టింగ్స్ మార్చుకుంటే నంబరు ముందే సేవ్ చేసుకున్నవాళ్లకు తప్ప ఎవరికీ కనపడదు. వాట్సాప్‌లోనే ఉండేట్టయితే ప్రొఫైల్ ఫొటో కాంటాక్ట్స్‌కు మాత్రమే కనిపించేలా పెట్టుకోమనండి. ఎవడైనా విసిగిస్తే స్క్రీన్‌షాట్ తీసుకుని బ్లాక్ చేసి, మీకో మేడమ్‌కో చూపించమనండి. అప్పుడు మాత్రం మీరు "అందుకే ఫోన్ వద్దన్నాను" అనకండి. అంటే ఇంకోసారి మీదాకా రాదు.