+9 టెస్లా దగ్గర ఒక రెసిస్టెన్స్, −9 దగ్గర ఇంకొకటి: సమాధానం

నయోబియం డైసెలినైడ్‌ని 20 కెల్విన్ దగ్గర కొలిస్తే అయస్కాంత ఫీల్డ్ దిశ తిప్పగానే రెసిస్టెన్స్ మారుతోందన్నారు, ఇది చార్జ్ డెన్సిటీ వేవ్ (ఎలక్ట్రాన్ల సాంద్రత స్ఫటికంలో అలలా ఎక్కువ తక్కువలుగా అమరడం) చేసే పనేనా అని అడిగారు. ఆ వేవ్ 33 కెల్విన్ కిందే మొదలవుతుంది కాబట్టి అనుమానం సహజమే. కానీ అంత దూరం వెళ్లకండి, టెన్షనూ పడకండి. ముందు మైక్రోస్కోప్ కింద శాంపిల్ మీద తీగలు అంటించిన మీ సిల్వర్ పేస్ట్ చుక్కలు చూడండి. రెండు వోల్టేజ్ కాంటాక్టుల్లో ఒకటి కాస్త పక్కకి జరిగినా హాల్ వోల్టేజ్ (ఫీల్డ్ వల్ల కరెంటుకి అడ్డంగా పుట్టే వోల్టేజ్) మీ రీడింగులో కలిసిపోతుంది. ఫీల్డ్ తిప్పితే దాని గుర్తు మారుతుంది, అసలు రెసిస్టెన్స్ మారదు. అందుకే రెండు రీడింగుల సగటు రెసిస్టెన్స్, తేడాలో సగం హాల్ భాగం. ఇది తెలియక నేను రెండు వారాలు కొత్త భౌతికశాస్త్రం కనిపెట్టేశానని మురిసిపోయాను!

సగటు తీశాకా నమ్మకం కుదరకపోతే కరెంటు లీడ్లనీ వోల్టేజ్ లీడ్లనీ ఒకదాని స్థానంలో ఒకటి మార్చి −9 దగ్గర కొలవండి. ఆన్‌సాగర్ నియమం (లీడ్ల జతలు మార్చి, ఫీల్డ్ కూడా తిప్పితే రీడింగ్ మారదు) ప్రకారం పాత +9 రీడింగే రావాలి. రాలేదా, కరెంటు సగానికి తగ్గించి మళ్లీ చూడండి. చాలాసార్లు శాంపిల్ వేడెక్కడమే కారణం. థర్మామీటర్ రీడింగ్ కూడా ఫీల్డ్‌లో కొంచెం జరుగుతుంది, దాని కరెక్షన్ వేశారా?