ర్యాప్ చెప్పే మేనల్లుడికి మామయ్య రాసిన ఉత్తరం

విశాఖపట్నం,
మే నెల.

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నువ్వు పంపిన రెండు రికార్డింగులు, వాటితో పాటు నీకు ఇష్టమైన ర్యాపర్ల పాటల జాబితా అందాయి. అన్నీ విన్నాను. నీవైతే నాలుగేసి సార్లు విన్నాను. "రాత బాగుందని అందరూ అంటున్నారు మామయ్యా, కానీ పాట సగంలో ఉండగానే ఫోన్లు తీసి చూసుకుంటున్నారు, ఎందుకంటావు?" అని అడిగావు. ముప్పై ఏళ్లు బుర్రకథ చెప్పినవాడిగా నాకు తోచింది రాస్తున్నాను: నీ రాత నిజంగానే బాగుంది, అయితే అది వాళ్ల దాకా చేరడం లేదు. నీ గొంతే దానికి అడ్డం పడుతోంది.

వినేవాడికి మొదట అందేది గొంతు. అర్థం తరువాత వస్తుంది, ఒక్కోసారి మూడోసారి విన్నాక గానీ రాదు. నీ జాబితాలోని ఇంగ్లీషు పాటల్లో సగం మాటలు నాకు తెలియలేదు, అయినా రకీమ్ చెబుతున్నంతసేపూ కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. 1987లో ఆయన తొలి ఆల్బమ్ వచ్చేనాటికి ర్యాప్ అంటే గట్టిగా అరిచి చెప్పడమే అన్నట్టుండగా, శాక్సఫోన్ నేర్చిన ఆ మనిషి గొంతు పెంచకుండా, ఊపిరిని వాద్యగాడిలా పొదుపు చేసుకుంటూ, పక్కన కూర్చుని మాట్లాడినట్టు చెప్పాడు. పబ్లిక్ ఎనిమీ బృందంలో చక్ డి గంభీరంగా చెబుతుంటే ఫ్లేవర్ ఫ్లేవ్ సన్నని గొంతుతో అందుకోవడం విని, మన కథకుడి పక్కన హాస్యం చెప్పే వంతవాడే గుర్తొచ్చాడు. కథకుడు ఎంత సమర్థుడైనా రాత్రంతా ఒకే గొంతు వింటే జనం అలిసిపోతారని మన పెద్దలకు తెలుసు.

ఇక నీ విషయానికి వస్తాను. ఇంట్లో 'ఏటి' అనే నోరు పాటలో 'ఏంటి' అంటోంది, 'ర' వచ్చినప్పుడల్లా అమెరికా వాళ్లలా నాలుక వెనక్కి మడుస్తోంది, గొంతు కావాలని బొంగురు చేసినట్టు తెలిసిపోతోంది. ఆ తప్పు నేనూ చేశాను. ఇరవై రెండేళ్ల వయసులో ఒక పెద్ద కథకుడి గొంతు మీద మోజుపడి, ఆయనలా కింది నుంచి గర్జిస్తూ తగరపువలస దగ్గర ఒక ఊళ్లో కథ ఎత్తుకున్నాను. రెండో గంటకు నా గొంతు పూర్తిగా పూడుకుపోయింది. వంతవాడు ఎలాగో కథ నడిపించాడు గానీ, ముందు వరుసలోని ఆడవాళ్లు చాపలు చుట్టుకుని లేచి వెళ్లిపోవడం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. ఆ తరువాత నెల రోజులు మాట రాలేదు.

అయితే గొంతును మలుచుకోకూడదని నేను అనను. సైప్రస్ హిల్ బృందంలోని బీ-రియల్ తన మామూలు గొంతు పాటకు చప్పగా ఉందని, ముక్కుతో పలికే ఆ సన్నని గొంతును పట్టుకున్నాడు. అది మరెవరికీ లేదు కాబట్టే నిలిచింది. ఫిఫ్టీ సెంట్‌కు 2000లో జరిగిన కాల్పుల్లో ఒక తూటా చెంపలో దిగి మాట తీరు మారిపోతే, ఆ మారిన మాటే ఆయన గుర్తయింది. అవతలివాడి గొంతులో దాక్కోవడం వేరు, నీ గొంతులో ఉన్నదాన్ని సానబెట్టుకోవడం వేరు.

నీ రెండో పాటలో ఒక పాదం నాకు చాలా ఇష్టమైంది: "అలల మీద కలలు మోసె అయ్య వలలు". దాన్ని నువ్వు బీట్‌కు సరిపెట్టడానికి 'వలలు' అన్నచోట 'వాలలు' అన్నావు, 'కలలు' కాస్తా 'కాలలు' అయింది. తెలుగులో అచ్చు సాగితే మాటే మారిపోతుంది నాయనా, అక్కడే వినేవాడి చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. అక్షరాలు కాదు, మాత్రలు లెక్కపెట్టు. లఘువుకు ఒకటి, గురువుకు రెండు. అలల, మీద, కలలు, మోసె, అయ్య, వలలు: ప్రతి మాటా సరిగ్గా మూడు మాత్రలు. ఆ పాదం పుట్టడమే తిశ్రగతిలో, అంటే మూడేసి మాత్రల నడకలో పుట్టింది, నువ్వు దాన్ని నాలుగు నాలుగుగా నరికావు. దెబ్బకు ఒక మాట చొప్పున వేసి చూడు. మీ ర్యాప్ లెక్కలో బార్ అంటే నాలుగు దెబ్బలు, రెండు బార్లకు ఎనిమిది, ఆరు దెబ్బల్లో పాదం పూర్తవుతుంది, మిగిలిన రెండు దెబ్బలూ ఊపిరికి. నీ బీట్ నిమిషానికి 90 దెబ్బలు కనుక ఆ ఖాళీ ఒక సెకను పైచిలుకు ఉంటుంది. ఊపిరి నిండుగా తీసుకోవడానికి అది చాలు, వినేవాడు 'వలలు' అన్న మాటను తలచుకోవడానికీ అదే చాలు. ఇప్పుడు నువ్వు ఎక్కడా ఆగకపోవడం వల్ల ప్రతి నాలుగో పాదం చివర గొంతు తేలిపోతోంది.

వేగం తగ్గించమని కాదు నా మాట. జూన్ 14తో సముద్రంలో చేపల వేట నిషేధం ముగిసి బోట్లు కదిలాక, తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి చేపల వేలంపాట విను. నీకంటే వేగంగా అంకెలు దొర్లుతుంటాయి, చుట్టూ ఇంజన్ల మోత, ఐసు కొట్టే చప్పుడు, అయినా అరవై ఎక్కడ అయిందో అరవై అయిదు ఎక్కడ మొదలైందో వెనక వరుసవాడికీ తెలుస్తుంది. ప్రతి అంకె మొదటి అక్షరం మీద బరువు పడుతుంది, చివరి ధర దగ్గర గొంతు ఒక్కసారిగా కిందికి దిగుతుంది. ఆ దిగడం కోసమే నిన్ను వెళ్లమంటున్నాను. నీ పాట మొదటి నుంచి చివరిదాకా ఒకే ఎత్తులో ఉంది.

మైకు సంగతి కొంచెం. దాని దగ్గరికి జరిగేకొద్దీ గొంతులో మంద్రం పెరుగుతుంది కాబట్టి బొంగురు చేయనక్కరలేదు. 'ప', 'బ', 'భ'ల గాలి నేరుగా తగలకుండా మూతిని కాస్త పక్కకు పెట్టు. బీచ్ రోడ్డు వేదికల మీద సముద్రపు గాలి మాట చివర్లను ఎత్తుకుపోతుంది, అక్కడ పాదాంతాలను మరింత గట్టిగా పలకాలి. గొంతు పట్టేసిన రోజున గుసగుసగా కూడా మాట్లాడకు, పూర్తిగా మౌనంగా ఉండు.

మీ నాన్న వేట నిషేధం ఉన్న ఈ అరవై ఒక్క రోజులూ ఒడ్డునే ఉంటారు కదా, వచ్చే ఆదివారం సాయంత్రం నేను మీ ఇంటికి వస్తాను. కథ చెప్పేటప్పుడు వేళ్లకు తొడుక్కునే అందెలు వెంట తెస్తాను, తిశ్రం నేను వేస్తాను. ఆ పాదాన్ని మైకు లేకుండా, ఇంట్లో మాట్లాడే గొంతుతో ఆయన ముందు చెప్పు. ఆ వలలు ఆయనవి కదా, ఇంతవరకూ ఆయన ఆ పాట వినలేదని మీ అమ్మ చెప్పింది.

ఇట్లు,
మీ మామయ్య