ఆస్పత్రి నుంచి తెచ్చాక కుందేళ్లు కొట్టుకుంటున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఉప్పల్. ఇంట్లో మూడు ఆడ కుందేళ్లు, ఒక మగది ఉన్నాయి. మగదానికి ఆపరేషన్ అయి ఏడాది దాటింది, ఆడవాటికి చేయించలేదు. రెండేళ్లుగా ఒకే గదిలో ఒకదాన్నొకటి ఆనుకుని పడుకునేవి. పోయిన వారం ఒకదానికి పళ్లు పెరిగాయని ఆస్పత్రిలో రెండు రోజులు ఉంచి తెచ్చాం. అప్పటినుంచి మిగతా రెండు ఆడవి దాన్ని తరిమి తరిమి కరుస్తున్నాయి. వాటిలో ఒకటి తన బొచ్చు తనే పీక్కుని, గడ్డి నోట కరుచుకుని మంచం కిందకి మోస్తోంది. కడుపుతో ఉందా? కొన్నాళ్లు వదిలేస్తే అవే సర్దుకుంటాయా?

– ఒక పాఠకురాలు

జవాబు: వదిలేయొద్దమ్మా, ముందు ఈ పూటే విడదీయండి. గొర్రెలు రెండు రోజులు కుమ్ముకుని ఊరుకుంటాయి కానీ కుందేళ్లు అలా కాదు, పొట్ట చీరేదాకా, చెవి తెగేదాకా పోతాయి. విడదీసేటప్పుడు చేయి మధ్యలో పెట్టకండి, మందపాటి టవల్ వేయండి, లేదా చీపురు అడ్డం పెట్టండి.

మీ ఇంట్లో రెండు సంగతులు ఒకేసారి జరిగాయనిపిస్తోంది. ఒకటి వాసన. కుందేలు తన వాళ్లను గుర్తుపట్టేది చాలావరకు ముక్కుతోనే. రెండు రోజులు ఆస్పత్రిలో మందుల వాసన, కుక్కల వాసన పట్టించుకుని వచ్చినది మిగతావాటికి పరాయిది. అందుకే ఈసారి ఒకదాన్ని చూపించాల్సి వస్తే దానికి బాగా దగ్గరైనదాన్ని కూడా తోడు తీసుకెళ్లండి, ఇద్దరికీ ఒకే వాసన అంటుతుంది, దారిలో భయమూ తగ్గుతుంది.

రెండోది ఆ బొచ్చు పీక్కోవడం. మగదానికి ఆపరేషన్ అయి ఏడాది దాటింది కాబట్టి నిజం కడుపు కాదు, ఉత్తుత్తి కడుపు. ఆవుకి, గేదెకి ఎద వచ్చినప్పుడు అండం దానంతట అదే విడుదలవుతుంది, కుందేలుకి మాత్రం ఏదో ఒకటి మీదకి ఎక్కితేనే విడుదలవుతుంది, ఆ ఎక్కింది ఆపరేషన్ అయిన మగదైనా, తోటి ఆడదైనా సరే. తర్వాత పదహారు, పద్దెనిమిది రోజులపాటు ఒళ్లు కడుపుతో ఉన్నట్టే నడుచుకుంటుంది, గూడు కడుతుంది, దగ్గరికొచ్చినదాన్ని కరుస్తుంది. ఆ గూడు ఇప్పుడే తీసేయకండి, తీస్తే మళ్లీ బొచ్చు పీక్కుంటుంది.

అది చల్లబడ్డాక మూడు ఆడవాటికీ గర్భసంచి ఆపరేషన్ చేయించండి. కొట్లాట కోసమనే కాదు, మూడు నాలుగేళ్లు దాటిన ఆడ కుందేళ్లలో గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువ. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో అడగొచ్చు, ఇంకెక్కడైనా అయితే కుందేళ్లకు చేసిన అనుభవం ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. ముందు రాత్రి నుంచి మేత ఆపమంటే ఆలోచించుకోవాల్సిందే, కుందేలు వాంతి చేసుకోలేదు, దాన్ని కడుపు మాడ్చకూడదు. ఆపరేషన్ తర్వాత హార్మోన్లు తగ్గడానికి నెలా, నెలన్నర పడుతుంది.

ఇక కలపడం. నాలుగు కుందేళ్లంటే ఒక గుంపు అనుకుంటాం కానీ లెక్కేస్తే ఆరు జతలు, ఆరింట్లో ఒక్కటి చెడినా గదంతా చెడుతుంది. కాబట్టి నాలుగింటినీ ఒకేసారి వదలకండి. పక్కపక్కనే బోనుల్లో, మధ్య నాలుగు వేళ్ల సందు ఉండేలా పెట్టి (జాలీ ఒక్కటే అయితే ముక్కులు కొరుకుతాయి) రోజూ పడక గుడ్డలు, పెంటికల ట్రేలు అటుదిటు, ఇటుదటు మార్చండి. తర్వాత అవి ఎన్నడూ అడుగుపెట్టని చోట, పక్కింటివాళ్ల హాలైనా సరే, ఆస్పత్రికెళ్లొచ్చినదాన్ని మగదానితో ముందు పది నిమిషాలు వదలండి, మామూలుగా ఆ జత తేలిగ్గా కుదురుతుంది. ఇప్పుడు ఎండలు కాబట్టి పొద్దున ఏడులోపే. కాసేపు ఎక్కడం, కొంచెం బొచ్చు ఊడటం ఫర్వాలేదు. తోక లేపి, చెవులు వెనక్కి పెట్టి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయంటే మాత్రం వెంటనే ఆపేయాలి. ఒకటి తల వైపు నుంచి ఎక్కితే కూడా దింపేయండి, కింద ఉన్నది మర్మాంగం కొరుకుతుంది. ఆ జత కుదిరాకే మూడోది, తర్వాత నాలుగోది.

ఇంత చేసినా కుదరకపోవచ్చు. అప్పుడు రెండూ రెండుగా రెండు గదుల్లో పెట్టుకోండి, నాలుగూ కలిసే ఉండాలని పట్టుబడితే పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నట్టే అవుతుంది. మాంసం కోసం పెంచే ఫారాల్లో ఈ తలనొప్పి ఉండదు, పెద్దయ్యాక బోనుకొకటే.

కరిచిన చోట్లు బొచ్చు తప్పించి వెతకండి. పైకి చిన్న గాటులా ఉండి లోపల చీము గడ్డ కడుతుంది. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ లాంటివి నోటికి వేయకండి, పేగుల్లో మంచి సూక్ష్మజీవులు చచ్చి కుందేలే పోతుంది. దెబ్బలు తిన్నది మేత ముట్టక, పెంటికలు వేయక పన్నెండు గంటలైతే తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.