ఒక్క రోజు స్క్రీన్ లేకుండా గడపాలంటే అసలు పనంతా ముందురోజే

రోజంతా ఫోన్, టీవీ, ల్యాప్‌టాప్ ఏదీ ముట్టకుండా ఉండటం ఈ రోజుల్లో కుదిరే పనేనా, మధ్యలో అర్జెంట్ ఏదైనా వస్తే ఎలా, అని కదా మీరు అడిగింది. కుదురుతుందండి. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటూ, ఐటీ ఉద్యోగం చేసుకుంటూనే మా ఇంట్లో నలుగురం, అంటే నేను, మా ఆవిడ, పదేళ్ళ బాబు, అమ్మ, నెలకో ఆదివారం అలా గడుపుతున్నాం. అయితే మనసు గట్టి చేసుకుంటే చాలనుకుని దిగితే మాత్రం మధ్యాహ్నానికే వదిలేస్తారు. శనివారం మీరు ఎంత సర్దిపెట్టుకున్నారో, ఆదివారం అంత సాఫీగా నడుస్తుంది.

ఫోన్ అంటే రీల్స్ ఒక్కటే అయితే మానేయడం సులువే. కానీ గడియారం, అలారం, డబ్బులు, అందరి నంబర్లు, పేపరు, గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయికి చెప్పాల్సిన కోడ్, గేటు దగ్గరికి ఎవరొచ్చినా మోగే యాప్, అన్నీ అందులోకే పోయాయి కదా. టైమ్ చూద్దామనే తీస్తాం, ఈలోగా పైన ఏదో నోటిఫికేషన్ కనిపిస్తుంది, దాన్ని నొక్కుతాం, అరగంట పోతుంది. కాబట్టి ఫోన్ తీయాల్సి వచ్చే ప్రతి చిన్న అవసరానికీ ముందే ఇంకో దారి చూసి పెట్టుకోవాలి.

మేమైతే శనివారం పొద్దున ఏటీఎం నుంచి డబ్బు తెచ్చి, అందులో కొంత పది, ఇరవై, యాభై నోట్లుగా మార్చుకుంటాం. యూపీఐ వచ్చింది 2016లో, ఈ కొద్ది ఏళ్ళలోనే ఇంట్లో చిల్లర ఉంచుకునే అలవాటు పోయింది, ఆదివారం పొద్దున్నే కూరగాయలామెకి ఐదొందల నోటు ఇస్తే ఆమె మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది. సెల్ వేసిన అలారం గడియారం ఒకటి కొన్నాం. గోడకి వేలాడే క్యాలెండర్ కాగితం వెనక అవసరమైన నంబర్లు పెన్నుతో పెద్దగా రాశాం, మా ఆవిడ నంబర్ తప్ప నాకు నోటికి వచ్చిన నంబర్ ఒక్కటీ లేదని అప్పుడే తెలిసింది. వాచ్‌మన్‌కి ముందే చెప్పేస్తాం, ఎవరైనా వస్తే పైకొచ్చి బెల్లు కొట్టమని. ఆన్‌లైన్ ఆర్డర్లు, గ్యాస్ బుకింగ్ ఆ రెండు రోజులకీ పెట్టుకోం. ఆఫీసులో ఆన్‌కాల్, అంటే సెలవు రోజైనా పిలిస్తే వెంటనే పనికి దిగాల్సిన డ్యూటీ, నా వంతు పడిన వారం అసలు ఆ ఊసే ఎత్తను, మీరూ ఎత్తకండి, ఉద్యోగం టెన్షన్‌తో కూర్చున్న రోజు విశ్రాంతి అనిపించుకోదు.

టైమింగ్ విషయంలో నా సలహా ఒకటుంది. పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా అని పెట్టుకోకండి, సాయంత్రం నుంచి సాయంత్రం పెట్టుకోండి. యూదులు తమ వారపు విశ్రాంతి దినమైన సబ్బాతును శుక్రవారం పొద్దు గుంకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా పాటిస్తారు, ఆ పద్ధతి నాకు బాగా నచ్చింది. మేం శనివారం రాత్రి ఏడింటికి మొదలుపెట్టి ఆదివారం రాత్రి ఏడింటికి ముగిస్తాం. అందులో మొదటి సగం వంటా, భోజనాలూ, నిద్రలోనే గడిచిపోతుంది, పైగా పడుకునే ముందు ఫోన్ చూడం కాబట్టి నిద్ర తొందరగా పడుతుంది. ఇందులో ఇంకో సౌకర్యం కూడా ఉంది. మా అక్క డల్లాస్‌లో ఉంటుంది, ఆదివారం పొద్దున్నే అమ్మకి తన వీడియో కాల్ రాకపోతే రోజు గడవదు. ఆ ఒక్క ఆదివారం కాల్‌ని మనకి రాత్రి ఎనిమిదింటికి మార్చుకున్నాం, వేసవిలో అక్కడ అప్పటికి పొద్దున తొమ్మిదిన్నర, వాళ్ళు టిఫిన్లు చేస్తూ తీరిగ్గా మాట్లాడతారు. బయటి దేశాల్లో పిల్లలున్న ఇళ్ళన్నీ ముందు ఈ సంగతి తేల్చుకోవాలి, చెప్పకుండా ఆపేస్తే అక్కడివాళ్ళు కంగారుపడిపోతారు.

ఇక అర్జెంట్ కాల్స్. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, బటన్ల ఫోన్ ఒకటి తెచ్చుకుని మీ సిమ్ అందులో వేసుకోవడం. కానీ జియోకి పాత బటన్ల ఫోన్లు పనిచేసే 2జీ నెట్‌వర్క్ లేదు, కాబట్టి బీరువాలో పడున్న పాత ఫోన్‌లో ఆ సిమ్ వేస్తే సిగ్నలే రాదు, 4జీ ఉన్న బటన్ల ఫోన్ కావాలి. రెండోది, ఫోన్‌ని కాల్స్ మోగకుండా ఆపే డూ నాట్ డిస్టర్బ్‌లో పెట్టి, రిపీట్ కాలర్స్ అనేది ఆన్ చేసి, మోగితే వినపడేంత దూరంలో పక్క గదిలో ఉంచడం. ఆండ్రాయిడ్‌లో ఒకే మనిషి పదిహేను నిమిషాల్లోపు రెండోసారి చేస్తే రింగవుతుంది, ఐఫోన్‌లో అది మూడు నిమిషాలే. మన దగ్గరివాళ్ళకి "నిజంగా అవసరమైతే వెంటనే రెండోసారి చెయ్యండి" అని చెప్పి పెడితే సరిపోతుంది. మెసేజ్‌ల గురించి అసలు బెంగపడకండి, మన ఫోన్‌కి చేరని మెసేజ్‌ని వాట్సాప్ 30 రోజుల దాకా సర్వర్‌లో అట్టే పెడుతుంది, ఒక్క రోజుకి ఏదీ ఎక్కడికీ పోదు. ఊళ్ళో అమ్మానాన్నలు ఒంటరిగా ఉన్నా, ఇంట్లో నెలలు నిండిన ఆడపిల్ల ఉన్నా ఈ ఏర్పాటు లేకుండా మాత్రం వద్దు.

ఇంకో మాట, ఒక్కరే చేయకండి. మీరు బుద్ధిగా కూర్చుని ఉంటే పక్కన ఒకరు సీరియల్ చూస్తూ, ఇంకొకరు రీల్స్ తిప్పుతూ నవ్వుకుంటుంటే ఎంతసేపని ఆగుతారు? మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడ్‌గావ్ అనే ఊళ్ళో 2022 నుంచి సాయంత్రం ఏడింటికి గుడి మీద సైరన్ మోగగానే ఊరంతా గంటన్నర సేపు టీవీలు, ఫోన్లు పక్కన పెట్టడం మొదలుపెట్టారు, పిల్లలు చదువుకోవడానికని. బాలీలో హిందువులు మన ఉగాది రోజులకి అటూ ఇటూగా న్యేపీ అనే మౌనదినం పాటిస్తారు, విమానాశ్రయం కూడా మూస్తారు, 2018 నుంచి ఆ రోజు మొబైల్ ఇంటర్నెట్ కూడా ఆపుతున్నారు. అందరూ కలిసి ఆగినప్పుడు ఎవరికీ ఏదో పోగొట్టుకున్నట్టు ఉండదు. మా ఇంట్లో నాలుగు ఫోన్లూ ఒకే బీరువాలోకి వెళ్తాయి, తాళం అమ్మ దగ్గరుంటుంది, బాబుకి ఈ ఏర్పాటు మహా నచ్చింది, నాన్న ఫోన్‌కి కూడా తాళం పడుతుంది కదా.

అన్నిటికంటే కష్టమైన వేళ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. భోంచేసి మంచమెక్కగానే చెయ్యి తనంతట తనే దిండు కిందకి పోతుంది. ఆ రెండు గంటలకీ చేతికి ఏదో ఒక పని ముందే అనుకుని ఉంచాలి, పుస్తకం చదువుదాంలే అనుకుంటే నాకైతే కునుకు పట్టేస్తుంది. కొత్త చింతపండు వచ్చిన రోజుల్లో అమ్మ చాప మీద కుప్ప పోసి గింజలు తీస్తుంటే మేమూ కూర్చున్నాం. బాబు పొద్దుటి నుంచీ బోర్ బోర్ అని చంపేస్తున్నాడు. అమ్మ నాలుగు గింజలు ఏరి వాడి చేతికిచ్చి, బాల్కనీలో గచ్చు మీద ఒక్కోదాన్నీ గట్టిగా రుద్దమంది. వాడు వేలితో నొక్కి పెట్టి అలా రుద్దుతూ ఉంటే నల్లటి తొక్క అరిగి లోపలి తెల్లదనం బయటపడింది, గింజ వేడెక్కిందని ఒకటే సంబరం. నాలుగు గింజలకీ ఒకవైపు తెలుపు, రెండోవైపు నలుపు తేలాయి, సుద్దముక్కతో నేల మీద ఐదు బై ఐదు గళ్ళు గీసి అష్టాచెమ్మా మొదలుపెట్టారు, నాలుగూ ఒకవైపు పడితే చెమ్మా, రెండోవైపు పడితే అష్టా. అమ్మ వాడి కాయని పంట దగ్గర చంపేసిందని వాడు ఏడ్చినంత పని చేశాడు. ఆటలో అమ్మ తన చిన్నప్పుడు తుంగభద్ర ఒడ్డున మేనత్త వాళ్ళింట్లో గడిపిన సెలవుల సంగతి చెప్పింది, నలభై దాటిన నాకు ఆ మేనత్త ఉండేదన్న సంగతే తెలియదు. ఇలాంటివి అడిగితే రావు, ఖాళీ సమయం ఉంటేనే వస్తాయి, నేను ఈ పద్ధతిని వదలకపోవడానికి పెద్ద కారణం అదే.

ఒక్క రోజుతో అలవాటు మారిపోతుందా అంటే మారదు. సోమవారం మళ్ళీ మామూలే. కళ్ళ మంట తగ్గుతుంది, సాయంత్రానికి తల తేలిగ్గా ఉంటుంది, ఇది నేను ప్రతిసారీ గమనించాను. స్క్రీన్ చూసేటప్పుడు రెప్పలు తక్కువసార్లు ఆర్పుతాం, కళ్ళు పొడిబారేది అందుకే. మీకు గానీ ఇంట్లో పిల్లలకి గానీ ఫోన్ లాక్కుంటే తిండీ నిద్రా మానేసేంత పట్టు ఉంటే మాత్రం ఇలాంటి ఇంటి చిట్కాలతో ఆగకండి, డాక్టర్‌కి చూపించండి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో దీని కోసమే షట్ క్లినిక్ అని 2014 నుంచి నడుస్తోంది.

మొదటిసారికి పెళ్ళిళ్ళూ, క్రికెట్ ఫైనల్స్ లేని ఆదివారం చూసుకోండి. రాత్రి ఏడింటికి ఫోన్ తీసినప్పుడు ముందు మిస్డ్ కాల్స్ చూడండి, తర్వాత ఇంట్లోవాళ్ళ మెసేజ్‌లు, గ్రూపుల్లో పేరుకున్న వందల మెసేజ్‌లు చదవకుండానే క్లియర్ చేసేయండి.