అల్లుడూ, నీ ముసలి గూఢచారికి కాస్త ఆయాసం రానివ్వు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన మొదటి ఎపిసోడ్ రెండుసార్లు చదివాను. రిటైరైన గూఢచారి, డెబ్బై ఏళ్లవాడు, రెండో పేజీలోనే ఆరుగుర్ని మట్టి కరిపించి చొక్కా దులుపుకుని వెళ్లిపోయాడు. నేను నిన్న మేడమెట్లెక్కి కూలబడ్డాను. మా వయసువాళ్లెవరూ నమ్మర్రా.

'ది ఓల్డ్ మ్యాన్' అని 2022లో ఓ అమెరికన్ సిరీస్ వచ్చింది. పెన్ను పట్టుకుని చూడు. హీరో డాన్ ఛేజ్ ఒకప్పటి సీఐఏ మనిషి. మొదట ఎలా కనిపిస్తాడనుకున్నావ్? అర్ధరాత్రి ఒంటేలుకు లేస్తూ, పడుకుంటూ, మళ్లీ లేస్తూ. ఇంట్లోకి ఒకడు చొరబడితే కుక్కలు రెండూ అడ్డుపడాల్సొచ్చింది. కొట్లాటల్లో దెబ్బ కొట్టడం కన్నా ఊపిరి తీసుకోవడమే కష్టంగా ఉంటుంది. ఆ పాత్ర వేసిన జెఫ్ బ్రిడ్జెస్‌కి షూటింగ్ మధ్యలో లింఫోమా అనే కేన్సర్, దానిమీద కోవిడ్. కోలుకుని వచ్చి మిగతాది పూర్తిచేశాడు. అతుకు ఎక్కడుందో నాకు దొరకలేదు.

ఇక రహస్యం. నువ్వు దాన్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టావు. తీసెయ్. ఛేజ్ 1980లలో అఫ్గానిస్తాన్‌లో, సోవియట్ సైన్యంతో పోరాడుతున్న ఫరాజ్ హంజాద్ అనే నాయకుడి పక్కన నిలబడ్డాడు. చివరికి ఆ హంజాద్ భార్యతోనే అమెరికా వచ్చేశాడు. దశాబ్దాల తర్వాత హంజాద్ లెక్క అడిగాడు. అడిగేవాడు బతికుంటేనే రహస్యానికి పదును.

అసలు కిటుకు హెరాల్డ్ హార్పర్ దగ్గరుంది. ఛేజ్‌ని పట్టుకోవాల్సిన ఎఫ్‌బీఐ పెద్ద అతనే, అప్పటి తోడుదొంగా అతనే. ఛేజ్ దొరికితే తన బండారమూ బయటపడుతుంది. అందుకే ఫోన్ చేసి మాయమైపొమ్మంటాడు! నీ పోలీసాఫీసరుకి హీరోతో పాత లావాదేవీ ఒక్కటీ లేదు, ఉత్తినే పరిగెడుతున్నాడు. చేసిన తప్పులో అతనికీ వాటా పెట్టు. ఆ సిరీస్‌లో ఓ కూతురుంది, ఆమె సంగతి నేను చెప్పను, చూసి తెలుసుకో.

2024 నాటి రెండో సీజన్ నాకంత పట్టలేదు, కథ పలచబడింది. తర్వాత ఆపేశారు కూడా. మొదటిదానికి ఏడే ఎపిసోడ్లు. నువ్వేమో ఇప్పుడే ఆరు సీజన్లకు ప్లాన్ వేశావు. సాగదీయమన్నారని ఓ డైలీ సీరియల్లో చచ్చిపోయిన తాతని రెండుసార్లు బతికించినవాణ్ణి, నా మాట విను.

మళ్లీ రాసేటప్పుడు నీ హీరో బీపీ మాత్రలు ఎక్కడ దాచుకుంటాడో కూడా రాయి. అక్షరాలు కాస్త పెద్దవి చేసి పంపు, కళ్లజోడు మార్చినా ఆనడం లేదు.

మీ అమ్మని అడిగానని చెప్పు.

మామయ్య